మంత్రణం: విద్యాలయాలలో కౌన్సెలరు పాత్ర, బాధ్యతలు

విద్యార్థి విద్యాలయానికి పుస్తకాల సంచి ఒక్కటే తీసుకొని రాడు. ఇంటి ఆర్థిక పరిస్థితిని, తల్లిదండ్రుల ఆశలను, తోటివారితో పోటీని, ఆ వయస్సుకు సహజమైన భయసందేహాలను కూడ వెంటబెట్టుకొని వస్తాడు. పాఠం చెప్పడానికి అధ్యాపకుడున్నాడు. పుస్తకమివ్వడానికి గ్రంథపాలకుడున్నాడు. ఆటలాడించడానికి వ్యాయామ శిక్షకుడున్నాడు. ఫీజు కట్టించుకోడానికి కార్యాలయముంది. మనస్సులోని బరువును దించుకోడానికి మాత్రం చాల విద్యాలయాలలో చోటు లేదు. ‘చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది’ అనే సామెతను మన పెద్దలు ఏ సందర్భంలో పుట్టించారో గాని, నేటి విద్యార్థుల స్థితికి అది అక్షరాలా అన్వయిస్తుంది. మానం పోకుండ చెప్పుకోగల చోటు ప్రతి విద్యాలయంలోను ఒకటి ఉండాలి. ఆ చోటును కాపాడే వ్యక్తియే కౌన్సెలరు. ఆ వ్యక్తి పాత్ర ఏమిటి, బాధ్యతలేవి, వారి నుంచి మనమేమి ఆశించవచ్చు, ఏమి ఆశించరాదు అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పేరులోని చిక్కు

తెలుగునాట కౌన్సెలింగు అనే మాట తెలియని విద్యార్థి లేడు. కాని ఆ మాట వినగానే అతనికి స్ఫురించేది ఇంజనీరింగు సీట్ల కేటాయింపు. ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి ఏ కళాశాలలో, ఏ శాఖలో సీటు దొరుకుతుందో తేల్చే కార్యక్రమానికి ఆ పేరు స్థిరపడిపోయింది. పత్రికలు చదివేవారికి మరొక అర్థం కూడ తెలుసు. తాగి వాహనం నడిపి పట్టుబడినవారిని, తగవులాడుకొన్న భార్యాభర్తలను పోలీసులు పిలిపించి మందలించినా దానిని కౌన్సెలింగు అనే వ్రాస్తారు. ఈ రెండర్థాల మధ్య అసలు అర్థం మరుగున పడింది. అందువల్లనే ‘నీవొకసారి కౌన్సెలరును కలిసి మాట్లాడు’ అని చెప్పగానే, ‘నేనేం తప్పు చేశాను సార్?’ అని విద్యార్థి బెదరిపోతాడు.

ఉపాధ్యాయ శిక్షణకు సంబంధించిన తెలుగు పాఠ్యగ్రంథాలు కౌన్సెలింగును ‘మంత్రణం’ అని వ్యవహరిస్తాయి. ఈ మాట వాడుకలోకి రాలేదు గాని దీని అర్థం గమనింపదగినది. సంస్కృత ధాతుపాఠం ఈ మాటకు మూలమైన ధాతువుకు రహస్యంగా మాట్లాడడమనే అర్థాన్ని చెప్పింది. రాజుతో ఏకాంతంలో ఆలోచన సాగించేవాడు కనుకనే మంత్రికి ఆ పేరు వచ్చింది. అనగా గోప్యత ఈ పనికి పైనుంచి తగిలించిన నియమం కాదు, పేరులోనే ఇమిడి ఉన్న గుణం. ఉర్దూలో సలహాను ‘మష్వరా’ అంటాం, మన రహస్యాన్ని తనదిగా దాచుకొనే ఆప్తుని ‘హమ్‌రాజ్’ అంటాం. కౌన్సెలరు మష్వరా ఇచ్చేవాడని అందరూ అనుకొంటారు. నిజానికి మొదట హమ్‌రాజ్ కాగలిగినవాడే ఆ తరువాత మష్వరా ఇవ్వడానికి అర్హుడవుతాడు. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఈ ఒక్క సూత్రానికి వివరణమే.

ఈ వృత్తి ఎట్లా పుట్టింది?

పెద్దలను అడిగి తెలుసుకోవడం మానవజాతికి కొత్త కాదు. అయితే ఒక వృత్తిగా ఇది రూపొందినది 20వ శతాబ్దంలోనే. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అనే విద్యావేత్త యువకులకు వృత్తి ఎంపికలో సహాయపడడానికి ఒక కేంద్రాన్ని ప్రారంభించాడు. ఆయన అదే సంవత్సరం మరణించగా, ఆయన గ్రంథం 1909లో వెలువడింది. ఆయన చెప్పిన పద్ధతి సులభమైనది. మొదట నీ శక్తిసామర్థ్యాలను, అభిరుచులను నీవు తెలుసుకో. రెండవది, నీవు కోరే వృత్తి ఎట్టిదో, దానిలో లాభనష్టాలేవో తెలుసుకో. మూడవది, ఈ రెంటిని కలిపి వివేకంతో యోచించు. నేటికీ వృత్తి మార్గదర్శనం ఈ మూడు మెట్ల మీదనే నిలిచి ఉంది.

1942లో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త ఈ వృత్తిని మరొక మలుపు తిప్పాడు. తన సమస్యకు పరిష్కారం వెదుక్కొనే శక్తి వ్యక్తిలోనే ఉన్నదని, దానిని మేల్కొల్పగల వాతావరణాన్ని కల్పించడమే కౌన్సెలరు పని అని ఆయన ప్రతిపాదించాడు. ఎదుటివాని బాధను అతని దృష్టితో చూడగలగడం, షరతులు లేకుండ అతనిని గౌరవించడం, తాను కపటం లేకుండ ప్రవర్తించడం కౌన్సెలరుకు ఉండవలసిన మూడు గుణాలని వివరించాడు. హితబోధకు, మంత్రణానికి గల భేదం ఇక్కడే స్పష్టమవుతుంది. హితబోధలో మాట్లాడేవాడు పెద్ద, వినేవాడు పిల్లవాడు. మంత్రణంలో ఎక్కువగా మాట్లాడేవాడు విద్యార్థి, వినేవాడు కౌన్సెలరు.

మన దేశంలో 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు అనువర్తిత మనస్తత్వశాస్త్ర శాఖ వృత్తి మార్గదర్శనానికి ఒక విభాగాన్ని నెలకొల్పింది. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ మాధ్యమిక విద్యలో మార్గదర్శనం ఉండాలని సిఫారసు చేసింది. 1954లో కేంద్రప్రభుత్వం విద్యా, వృత్తి మార్గదర్శనానికి ఒక కేంద్ర సంస్థను ఏర్పరచింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ మార్గదర్శనం ప్రాథమిక దశ నుంచే ఆరంభం కావాలని, కనీసం ప్రతి పది ఉన్నత పాఠశాలలకు ఒక సందర్శక కౌన్సెలరైనా ఉండాలని సూచించింది. ఈ సూచనలు చాలవరకు కాగితాల మీదనే నిలిచిపోయాయి. దాని ఫలితం ఎట్టిదో క్రింది సంఖ్యలే చెబుతాయి.

అవసరం ఎంత తీవ్రమైనది?

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొన్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్షలో తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2,248. ఈ సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. విద్యార్థుల మరణాలన్నిటికీ పరీక్షాఫలితమే కారణమనుకోవడం పొరపాటు. కుటుంబ కలహాలు, అనారోగ్యం, అవమానం, ఒంటరితనం వంటివెన్నో తెర వెనుక ఉంటాయి. ఏ ఒక్క మరణాన్నయినా ఏ ఒక్క కారణానికో ముడివేయడం తగదు.

తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడినప్పుడు మార్కుల నమోదులో పొరపాట్లు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులు రావలసినచోట సున్న పడింది. ఆ ఫలితాల తరువాతి దినాలలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. కాగితం మీది అంకెను సరిదిద్దడానికి మార్గముంటుంది. పోయిన ప్రాణాన్ని తిరిగి తేవడానికి ఏ మార్గమూ లేదు. ఫలితం చూసుకొన్న ఆ ఘడియలో ‘ఇది నీ జీవితానికి తీర్పు కాదు’ అని చెప్పగల మనిషి ప్రక్కన ఉండాలి. అట్టి మనిషిని ఫలితాలు వచ్చిన నాడు వెదకితే దొరకడు. సంవత్సరమంతా పరిచయమై ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని విశాఖపట్నంలో వైద్య ప్రవేశపరీక్షకు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జూలైలో మరణించిన ఉదంతంలో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శక సూత్రాలను విధించింది. తగిన చట్టం వచ్చేవరకు ఇవి అమలులో ఉంటాయని ప్రకటించింది. వాటిని పాలకవర్గాలు తప్పక తెలుసుకోవాలి. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హతగల కౌన్సెలరునో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో నియతమైన సంబంధం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి విద్యార్థులను వేరువేరు బ్యాచులుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం కూడదు. బోధన, బోధనేతర సిబ్బందికి సంవత్సరానికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. సహాయక ఫోను సంఖ్యలు అందరికీ కనబడేటట్లు ఉంచాలి. కనుక కౌన్సెలరు నియామకం ఇక దాతృత్వం కాదు, సంస్థకు విధిగా పరిణమించింది.

కౌన్సెలరు బాధ్యతలు

మొదటి బాధ్యత వినడం. వినడమనేది చూడడానికి సులభం, ఆచరణలో కఠినం. విద్యార్థి మాట పూర్తికాకముందే తీర్పు చెప్పడం, ‘మా కాలంలో’ అంటూ పోల్చడం, ‘ఇంత చిన్న విషయానికా’ అని తేలిక చేయడం పెద్దలకు అలవాటు. ఇట్టి అలవాటును శిక్షణ ద్వారా మానుకొన్నవాడు కౌన్సెలరు. విన్న తరువాత విద్యార్థి ముందున్న మార్గాలేవో, ఒక్కొక్క మార్గంలో కలిగే ఫలితాలేవో అతనిచేతనే ఆలోచింపజేస్తాడు. నిర్ణయం విద్యార్థిదే.

రెండవది విద్యా, వృత్తి మార్గదర్శనం. పదవ తరగతి తరువాత ఏ గ్రూపు తీసుకోవాలి, ఇంటర్మీడియెట్ తరువాత డిగ్రీయా, డిప్లొమాయా, ఉద్యోగమా అనే ప్రశ్నలకు మన ఇళ్లలో జవాబు చెప్పేది బంధువుల మాట, పొరుగువారి అబ్బాయి ఉదాహరణ, ప్రకటనల బోర్డు. కౌన్సెలరు విద్యార్థి అభిరుచిని, సామర్థ్యాన్ని, ఇంటి స్తోమతును కలిపి చూసి సరియైన సమాచారాన్ని అందించాలి. ఆ సమాచారం తాజాగా ఉండడం అత్యవసరం. ఉదాహరణకు పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రప్రభుత్వం 2022-23 నుంచి నిలిపివేసింది. ఆ సంగతి తెలియక దాని మీద ఆశతో ఎవరైనా ప్రణాళిక వేసుకొంటే అది విద్యార్థికి నష్టం, చెప్పినవారికి అపకీర్తి.

మూడవది అపాయాన్ని ముందుగా గుర్తించడం. చలాకీగా ఉండే విద్యార్థి అకస్మాత్తుగా మౌనం వహించడం, తరగతులకు తరచు రాకపోవడం, నిద్రాహారాలు తప్పడం, ఇష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టడం, ‘నేను లేకపోతే అందరికీ సుఖం’ వంటి మాటలనడం ఉపేక్షింపరాని సూచనలు. చావును గురించిన ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా, ఆప్యాయంగా అడిగితే లేని ఆలోచన కలుగుతుందేమోనని చాలమంది జంకుతారు. అది అపోహ అని పరిశోధనలు తేల్చాయి. అడగడం వల్ల లోపలి బరువు బయటపడి సహాయానికి దారి ఏర్పడుతుంది.

నాల్గవది తన హద్దు తెలిసి మసలడం. కౌన్సెలరు వైద్యుడు కాడు. మందులు వ్రాయరాదు. తీవ్రమైన మానసిక వ్యాధి లక్షణాలు కనబడితే వెంటనే మానసిక వైద్యుని వద్దకు పంపి, పంపిన తరువాత కూడ విద్యార్థి యోగక్షేమాలు విచారిస్తూ ఉండాలి. పంపడమంటే వదిలించుకోవడం కాదు.

ఐదవది తల్లిదండ్రులకు, అధ్యాపకులకు వారధిగా నిలవడం. ఎంపీసీ వద్దు, సాహిత్యం చదువుతానన్న కుమారునికి, అది కూడు పెట్టదనే తండ్రికి మధ్య ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపింపగల మూడవ వ్యక్తి కావాలి. కౌన్సెలరు ఎవరి పక్షాన తీర్పరి కాడు. ఇద్దరూ ఒకరి భయాన్ని ఒకరు గ్రహించేటట్లు చేయగలిగితే అదే విజయం.

గోప్యత, దాని హద్దులు

మన పెద్దలు ఒకరు నమ్మి దాచిన సొమ్మును ‘అమానత్’ అంటారు. దాచినవాడు అడిగినప్పుడు చెక్కుచెదరకుండ అప్పగించాలి, తన అవసరానికి వాడుకోరాదు. విద్యార్థి చెప్పిన మాట కూడ కౌన్సెలరు దగ్గర అమానత్ వంటిదే. దానిని అధ్యాపకుల గదిలో ముచ్చటగా చెప్పుకోవడం, ప్రిన్సిపాలు అడిగారని చీటీ వ్రాసి ఇవ్వడం, తండ్రి ఫోను చేశాడని బయటపెట్టడం విశ్వాసఘాతుకం. ఒక్క విద్యార్థి మాట బయటికి పొక్కితే ఆ తరువాత వందమంది విద్యార్థులు ఆ గది గడప తొక్కరు. మానసిక వైద్యసేవలు పొందేవారి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడ నిర్దేశించింది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని నేరస్థునిగా చూడరాదని, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి ఆదుకోవాలని ఆ చట్టం ఆశయం. ‘పోలీసు కేసవుతుంది’ అనే భయంతో నోరు మూసుకొనే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

అయితే గోప్యతకు హద్దులు లేకపోలేదు. విద్యార్థి ప్రాణానికి గాని, మరొకరి ప్రాణానికి గాని అపాయమున్నప్పుడు కౌన్సెలరు మౌనంగా ఉండరాదు. 18 సంవత్సరాలు నిండని పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ హద్దులను దాచి ఉంచి, విద్యార్థి అంతా చెప్పుకొన్న తరువాత ప్రకటించడం వంచన అవుతుంది. మొదటి సమావేశంలోనే, ‘నీవు చెప్పినది నాతోనే ఉంటుంది, ఈ రెండు మూడు సందర్భాలలో మాత్రం ఇతరులకు చెప్పవలసి వస్తుంది. అప్పుడు కూడ ముందు నీకు చెప్పిన తరువాతనే చెబుతాను’ అని స్పష్టం చేయడం ఉత్తమ సంప్రదాయం.

మన వంటి కళాశాలలలో

ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలసి చదివే కళాశాలలకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉండే విద్యార్థి ఒక్కొక్క సంగతిని ఒక్కొక్క భాషలో ఆలోచిస్తాడు. పాఠాన్ని గురించిన సందేహం ఇంగ్లీషులో అడగగలడు. అమ్మను గురించిన బాధ ఇంటి భాషలోనే వస్తుంది. ‘ఘబ్రాహట్’ అన్నా, ‘గుండె దడ’ అన్నా, ‘దిల్ నహీఁ లగ్‌తా’ అన్నా, ‘ఏమీ తోచడం లేదు’ అన్నా ఆ మాటల వెనుక ఉన్న బాధను పోల్చుకోగల వ్యక్తి మనకు కావాలి. రెండు భాషలూ తెలిసిన కౌన్సెలరును నియమించడం మనకు అలంకారం కాదు, ప్రాథమికావసరం.

సాయంకాలం దుకాణంలోనో, మెకానిక్ షెడ్డులోనో పనిచేసి ఉదయం తరగతికి వచ్చే కుర్రవాడు నిద్రమత్తులో ఉంటే అది క్రమశిక్షణారాహిత్యం కాదు. పెళ్లి సంబంధం కుదిరి, చివరి సంవత్సరం పరీక్షలు వ్రాయనిస్తారో లేదో తెలియక కుమిలిపోయే విద్యార్థిని వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటుంది. ఆమెతో మాట్లాడడానికి స్త్రీ కౌన్సెలరు ఉంటే సగం సమస్య తీరుతుంది. తమ వంశంలో మొట్టమొదట కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి ఇంటిలో దారి చూపేవారుండరు. ఎవరిని ఏమి అడగాలో కూడ అతనికి తెలియదు. అతడు తానే వచ్చి అడుగుతాడని గదిలో కూర్చుని నిరీక్షించే కౌన్సెలరు వల్ల ప్రయోజనం తక్కువ. సంవత్సరారంభంలోనే ప్రతి తరగతికి వెళ్లి తన్ను తాను పరిచయం చేసుకోవాలి.

పాలకవర్గానికి ఒక విన్నపం

కౌన్సెలరును నియమించి ఉత్తర్వు ఇవ్వడంతో పాలకవర్గం బాధ్యత తీరదు. మాటలు బయటికి వినబడని గది ఒకటి కావాలి. ఆ గది ప్రిన్సిపాలు కార్యాలయం ప్రక్కన, అందరూ వేచి ఉండే వరండాలో ఉండరాదు. లోపలికి వెళ్లినవారిని నలుగురూ లెక్కపెడుతుంటే ఎవరూ వెళ్లరు. నియత వేళలు, శాశ్వత వేతనం ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, కౌన్సెలరుకు క్రమశిక్షణ సంఘంలో స్థానమివ్వరాదు. హాజరు తగ్గినవారి జాబితా, ఫీజు బాకీదారుల జాబితా, పరీక్షలో పర్యవేక్షణ వంటి పనులు అప్పగింపరాదు. ఉదయం జరిమానా విధించిన చేతికి మధ్యాహ్నం ఎవరూ తమ రహస్యాన్ని అందివ్వరు. పనిభారం, ఖర్చు దృష్ట్యా అధ్యాపకునికే ఈ పని అదనంగా అప్పగించే ఆచారం కొన్నిచోట్ల ఉంది. అధ్యాపకుడు మంచి శ్రోత కావచ్చు, తరగతికి మార్గదర్శిగా ఉండవచ్చు, ఉండాలి కూడ. కాని మార్కులు వేసేవానికి చెప్పుకోరాని మాటలు కొన్ని ఉంటాయి. ఎంతమంది విద్యార్థులు వచ్చారు, ఏ విధమైన సమస్యలు హెచ్చుగా ఉన్నాయి అనే సారాంశాన్ని పేర్లు లేకుండ కౌన్సెలరు ఏటేటా సమర్పిస్తే పాలకవర్గానికి అది చాలు. పేర్లు అడగకపోవడమే పాలకవర్గం చేయగల గొప్ప సహాయం.

విద్యార్థినీ విద్యార్థులారా! కౌన్సెలరును కలవడం పిచ్చికి గుర్తు కాదు, పిరికితనం కాదు. జ్వరం వస్తే వైద్యునికి చెప్పుకొన్నట్లే మనస్సు నలిగినప్పుడు తగినవారికి చెప్పుకోవడం వివేకం. మీ స్నేహితుడు మీకు చెప్పిన రహస్యం అతని ప్రాణానికే ముప్పుగా తోస్తే, స్నేహం పేరిట దాచకండి. వెంటనే ఒక పెద్దవారికి తెలియజేయండి, అతనిని ఒంటరిగా విడువకండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబగళ్లు, ఫోను చేసినవారి భాషలోనే ఉచితంగా లభిస్తుంది. ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098 ఉంది. ఈ రెండు సంఖ్యలను ఈ సంచికను మూసేలోపు మీ నోటుపుస్తకం మొదటి పుటలో వ్రాసుకోండి.

కళాశాల ప్రతిష్ఠను ర్యాంకులతోను, ఉత్తీర్ణతా శాతంతోను లెక్కించడం మనకు అలవాటైంది. ఒక విద్యార్థి తన కష్టాన్ని భయం లేకుండ చెప్పుకోగలిగిన కళాశాల అన్న మాట కూడ ఆ లెక్కలో చేరాలి. దానికి పెద్ద భవనం అవసరం లేదు. తలుపు గల ఒక చిన్న గది, రెండు కుర్చీలు, మాట దాచగల ఒక మనిషి ఉంటే చాలు.